ఎత్తు లేని నేల, ఎదురుగాలి: గోదావరి డెల్టాలో జట్టు సైక్లింగ్ శిబిరం

[దృశ్యం: తెల్లవారుజాము, రావులపాలెం దాటాక కాలువ గట్టు. మంచులో ఎర్ర లైట్లు ఒకదాని వెనుక ఒకటి.]

వ్యాఖ్యానం:
డెల్టాలో సైక్లింగ్ శిబిరం అంటే కొండ దారులు తొక్కినవాళ్ళు తేలిగ్గా నవ్వుతారు. అక్కడ ఎక్కడానికి ఏముందని అడుగుతారు. ఏమీ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దిగాక గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య సముద్రం దాకా చదునే. వంతెన ఎక్కడమే ఇక్కడ పెద్ద ఎక్కుడు.

అయినా ఓర్పు పెంచుకోవడానికి ఇంత కఠినమైన నేల అరుదని నా అభిప్రాయం. ఘాట్ రోడ్డు ఎక్కినవాడికి ఆ తరువాత దిగుడు ఉంటుంది. కాళ్ళు ఆపి నీళ్ళు తాగవచ్చు, నడుము సాగదీయవచ్చు. ఇక్కడ కాళ్ళు ఆపితే సైకిల్ నెమ్మదిస్తుంది. నాలుగు గంటల ప్రయాణమంటే నాలుగు గంటలూ తొక్కడమే, అదీ ఒకే భంగిమలో. మొదట అలిసేవి తొడలు కావు. మెడ, మణికట్లు, కూర్చున్న చోటు. అందుకే శిబిరానికి కొత్త సీటుతోనో కొత్త బూట్లతోనో రావద్దు.

[తెరపై బొమ్మ: ఒక సైకిల్, ఎదురుగా బాణాలు. అంకెలు ఒక్కొక్కటిగా.]

కొండ లేని లోటు గాలి తీరుస్తుంది. గాలి లేని రోజున గంటకు 25 కిలోమీటర్ల నుంచి 30కి వేగం పెంచారనుకోండి. గాలిని చీల్చడానికి ఖర్చయ్యే శక్తి సుమారు 1.7 రెట్లు అవుతుంది, ఎందుకంటే అది వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పెంచకుండా 25 దగ్గరే ఉన్నా, 10 కిలోమీటర్ల ఎదురుగాలి మొదలైతే చాలు, ఆ ఖర్చు దాదాపు రెట్టింపు.

శీతకాలంలో ఇక్కడ ఈశాన్యపు గాలి. అమలాపురం నుంచి ముమ్మిడివరం, యెదుర్లంక మీదుగా యానాం వెళ్ళే దారి దానికి ఎదురు. తిరుగు ప్రయాణంలో అదే గాలి వీపును తోస్తుందని అందరూ లెక్క వేసుకుంటారు. ఈలోగా ఎండ ముదిరి నేల వేడెక్కుతుంది, సముద్రం మీది గాలి ఎడమ పక్క నుంచి అందుకుంటుంది. ఆ లెక్క తప్పిన ముఖాలు చూడవలసిందే.

[దృశ్యం: పై నుంచి, ఆరుగురి వరుస. చివరి మనిషి దగ్గరికి కెమెరా.]

జట్టు ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. ముందువాడు గాలిని పక్కకు తోస్తే, వెనుకవాడికి నీడ దొరుకుతుంది. 2018లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెర్ట్ బ్లోకెన్ బృందం 121 మంది సైక్లిస్టుల గుంపు మీద పరిశోధన చేసింది. గుంపు నడిమధ్యలో ఉన్నవారికి గాలి నిరోధం ఒంటరిగా తొక్కేవారితో పోలిస్తే 5 నుంచి 10 శాతానికి పడిపోయినట్లు తేలింది. ఆరుగురి వరుసలో అంత లాభం ఉండదు గానీ, అలసటలో తేడా తెలియకపోదు.

ఈ నీడ ఊరికే దొరకదు. ముందువాడి వెనుక చక్రానికి ఒక చక్రం దూరంలో, బ్రేకు ముట్టకుండా, చూపు ముందువాడి భుజాల మీదుగా దారి మీద నిలిపి తొక్కాలి. మీ ముందు చక్రం అతడి వెనుక చక్రం పక్కకు చొరబడకూడదు. రెండూ తగిలితే పడేది దాదాపు ఎప్పుడూ వెనుకవాడే. వంతు వచ్చి ముందుకు చేరినవాడు వేగం పెంచకూడదు. కొత్తవాళ్ళకు ఇది మింగుడుపడదు. ముందుకు రాగానే ఛాతీ విరుచుకుని లాగుతారు, వెనుక వరుస తెగిపోతుంది. బలం ఎక్కువున్నవాడు ఎక్కువసేపు లాగాలి, ఎక్కువ వేగంతో కాదు. శిక్షకులు రోజంతా అరిచేది ఈ ఒక్క మాటే.

పక్కగాలి వేరే చిక్కు. గాలి ఎడమ నుంచి వస్తే నీడ కుడి వెనుక పడుతుంది, కాబట్టి వరుస ఏటవాలుగా కుడికి పరుచుకోవాలి. రోడ్డు మూసేసిన పందెంలో అది అందంగా ఉంటుంది. కొబ్బరికాయల లారీ వెనుక హారన్ కొడుతున్న మన రోడ్డు మీద అది ప్రాణాంతకం. ఇక్కడ నీడ వదులుకుని ఎడమ అంచునే ఒంటి వరుసలో సాగాలి. నెమ్మదవుతారు, ఇంటికి చేరతారు.

[దృశ్యం: రోడ్డు సగం మేర ఆరబోసిన ధాన్యం.]

కోతల కాలమైతే ఇదొకటి. సన్నని టైరు కింద ధాన్యం గింజలు జారుతాయి. పైగా అది ఒకరి ఏడాది కష్టం, దాని మీద నుంచి తొక్కుతూ పోకూడదు. ముందున్నవాడు చేయి చూపి "వడ్లు!" అని అరవాలి. గుంటకూ, గేదెకూ, రొయ్యల లారీ కార్చిన నీళ్ళకూ ఇదే పద్ధతి.

[దృశ్యం: తెర నల్లగా. పాత ఫొటో లేదు, మాట మాత్రమే.]

1960 నుంచి 1992 దాకా ఒలింపిక్స్‌లో నలుగురు జట్టుగా గడియారంతో పోటీపడి తొక్కే సైకిల్ పందెం ఉండేది, సుమారు 100 కిలోమీటర్లు. జట్టులో మూడో మనిషి గమ్యం చేరిన సమయాన్నే జట్టు సమయంగా లెక్కించేవారు. 1960లో రోమ్‌లో తీవ్రమైన ఎండ. డెన్మార్క్ జట్టులో ఒకరు వడదెబ్బతో ముందే తప్పుకున్నారు. ఇక మిగిలిన ముగ్గురూ చేరితేనే లెక్క. క్నుడ్ ఎనెమార్క్ యెన్సెన్ తల తిరుగుతోందన్నాడు, తోటివాళ్ళు పట్టుకుని నడిపించారు. ఆ తరువాత అతడు పడిపోయాడు, తల పగిలింది, ఆ రోజే చనిపోయాడు. వయసు 23. వడదెబ్బే కారణమని అధికారికంగా చెప్పారు.

ఈ కథ శిబిరం మొదటి సాయంత్రమే చెప్పాలంటాను. కోనసీమలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. "నా వల్ల కావడం లేదండీ" అని సమయానికి చెప్పడం, అది విన్న వెంటనే వరుస ఆపడం, రెండూ సాధన చేయవలసినవే.

[దృశ్యం: అరటి గెలలు, కొబ్బరి బోండాలు, ఉప్పు డబ్బా.]

తిండి విషయంలో ఇక్కడ మనం అదృష్టవంతులం. రెండు గంటలు దాటే ప్రయాణంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మధ్యరకం అరటిపండు సుమారు 25 గ్రాములు ఇస్తుంది. రావులపాలెం అరటి మార్కెట్ ఊరు, అక్కడ జేబులు నింపుకోవచ్చు. ఆకలి వేసేదాకా ఆగవద్దు, అప్పటికే ఆలస్యం. కొబ్బరి నీళ్ళ మీద మాత్రం మనవాళ్ళకు అతి నమ్మకం. అందులో పొటాషియం పుష్కలం, చెమటతో ఎక్కువగా పోయే సోడియం తక్కువ. చిటికెడు ఉప్పు కలపండి, లేదా ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. ఆత్రేయపురం పూతరేకులు సాయంత్రానికి దాచుకోండి. అంత నెయ్యి కడుపులో పెట్టుకుని ఎదురుగాలిలో తొక్కడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

మూడో రోజు కాళ్ళు బరువెక్కుతాయి. ఆ రోజు మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగమే చాలు. శరీరం బలపడేది విశ్రాంతిలో, ఫలితం కనిపించేది ఇంటికి వెళ్ళాక. నెలల తరబడి సైకిలు ముట్టనివారు దీనితో మొదలుపెట్టకండి. ముందు వారానికి మూడు నాలుగు రోజులు తొక్కడం అలవాటు చేసుకుని రండి.

[దృశ్యం: సాయంత్రం, బస ముందు బకెట్లు, గుడ్డలు.]

సముద్రం దగ్గర తిరిగిన రోజు సైకిలును మంచినీళ్ళతో కడిగి, గొలుసు తుడిచి, నూనె వేయనిదే పడుకోవద్దు. ఉప్పు గాలి ఒక్క రాత్రిలో తుప్పు మొదలుపెడుతుంది. ఆ పని అయ్యాక పూతరేకుల పెట్టె తెరవండి.