బిల్లులో ఏ పద్దుకు ఏ నియమం? కోవిడ్ కాలపు ఆన్‌లైన్ చదువులు, అమెరికా యూనివర్సిటీ ఫీజులు

అందరికీ నమస్కారం.

2020 మార్చిలో అమెరికా యూనివర్సిటీలు చూస్తుండగానే క్లాసులన్నీ జూమ్‌కి మార్చేశాయి. అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "పిల్లలు గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో వింటుంటే ట్యూషన్ పూర్తిగా ఎందుకు కట్టాలి?" అది న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్న అడిగినందుకు డబ్బు తిరిగొచ్చిన చోట్లు తక్కువ. బిల్లులోని మిగతా పద్దుల దగ్గర, ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసు ఫారాల దగ్గర మాత్రం చాలా దొరికింది. అడగడం తెలియని కుటుంబాలే నష్టపోయాయి. అందుకే ఒక్కో పద్దూ విడిగా చూద్దాం.

ముందు ట్యూషన్. క్రెడిట్లు ఇచ్చాం, అధ్యాపకుల జీతాలు ఆగలేదు కదా అని యూనివర్సిటీలు వాదించాయి. 2020-21కి ప్రిన్స్‌టన్ 10 శాతం తగ్గించింది. హార్వర్డ్ మాత్రం 49,653 డాలర్లూ పూర్తిగానే వసూలు చేసింది. చాలామంది కోర్టులకు వెళ్ళారు. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ కేసులో 2022 మార్చిలో వాషింగ్టన్ డి.సి. అప్పీల్ కోర్టు విద్యార్థుల దావాను ముందే కొట్టేయడం కుదరదని చెప్పింది. యూనివర్సిటీ తన కేటలాగుల్లో, ప్రచారంలో క్యాంపస్ చదువు గురించి ఏం చెప్పుకుంది, ఆన్‌లైన్ కోర్సులకు వేరే ధర పెట్టిందా అన్నవి అక్కడ ముఖ్యమయ్యాయి. "చదువు నాణ్యత తగ్గింది" అనే వాదన కోర్టుల్లో నిలవడం కష్టం. "క్యాంపస్‌లో చెబుతామని మాటిచ్చారు" అనే వాదనకే బలం ఎక్కువ.

డార్మ్ (హాస్టల్) అద్దె, మీల్ ప్లాన్ (భోజనం పద్దు) సంగతి వేరు. చాలా యూనివర్సిటీలు మిగిలిన రోజుల లెక్కన ఈ డబ్బు వెనక్కి ఇచ్చాయి. ఇక్కడే ఒక చిక్కుంది. ఆ రీఫండ్ సాధారణంగా ముందు విద్యార్థి ఖాతాలోని బాకీకి జమవుతుంది. తరువాతి సంవత్సరం అమ్మానాన్నల దగ్గర ఉంటున్నట్టు నమోదైతే, చదువుకయ్యే మొత్తం ఖర్చు అంచనాలో వసతి భాగం తగ్గిపోతుంది, దాంతో యూనివర్సిటీ సొంత గ్రాంటు కూడా తగ్గొచ్చు. ఇంటికొచ్చామని సంతోషించిన కుటుంబాలు ఆగస్టు బిల్లు చూసి కంగుతిన్నది ఇందువల్లే. జిమ్, బస్సు, ల్యాబ్ ఫీజుల్లాంటి వాటికి ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పద్ధతి. అడగాల్సింది ఫీజుల లెక్కలు చూసే బర్సార్ ఆఫీసులో, పద్దు పేరుతో సహా, రాతపూర్వకంగా.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఫాఫ్సా, అంటే ఫెడరల్ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు ఫారం, రెండేళ్ళ కిందటి ఆదాయాన్ని చూస్తుంది. 2020-21 ఫారంలో రాసింది 2018 ఆదాయం. 2020 ఏప్రిల్‌లో తండ్రి ఉద్యోగం పోయినా ఆ ఫారం దృష్టిలో ఆయన ఇంకా జీతం తీసుకుంటూనే ఉన్నాడు! దీనికి మందు చట్టంలోనే ఉంది. దాన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు. ఎయిడ్ అధికారి ఆధారాలు చూసి ఆదాయపు అంకెల్ని సర్దగలడు. దీనికి ఉద్యోగం పోయినట్టు కంపెనీ లేఖ, చివరి పే స్టబ్ (జీతం చీటీ), నిరుద్యోగ భృతి కాగితాలు, ఈ ఏడాది రాబోయే ఆదాయం అంచనా జత చేయాలి. "మా పరిస్థితి బాగోలేదు" అని మెయిల్ రాస్తే చాలదు. పాత ఆదాయం ఎంత, కొత్త ఆదాయం ఎంత, ఏ తేదీ నుంచి అన్న మూడూ మొదటి పేరాలోనే ఉండాలి. దరఖాస్తు వెళ్ళాల్సింది ఒక్కో యూనివర్సిటీకి విడివిడిగా. ఒకచోట ఒప్పుకున్నారని ఇంకోచోట ఒప్పుకోవాలని లేదు. ఆ సర్దుబాటుతో కుటుంబం, తక్కువ ఆదాయం ఉన్నవారి పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ పరిధిలోకి వస్తే 2020-21లో గరిష్ఠంగా 6,345 డాలర్లు వచ్చేవి, అదీ తిరిగి కట్టక్కర్లేని డబ్బు.

మధ్యలో మానేసినవాళ్ళ లెక్క మరీ కఠినం. 110 రోజుల సెమిస్టర్‌లో 44వ రోజున విత్‌డ్రా అయితే గడిచింది 40 శాతం. ఫెడరల్ ఎయిడ్ 6,000 డాలర్లు వచ్చి ఉంటే అందులో 2,400 మాత్రమే "సంపాదించినట్టు". మిగతా 3,600 వెనక్కి పోవాలి. యూనివర్సిటీ తన వంతు వెనక్కి పంపి, ట్యూషన్‌లో ఆ మేరకు ఏర్పడ్డ లోటును విద్యార్థి మీదే వేస్తుంది. 60 శాతం దాటాక మానేస్తే ఈ బాధ లేదు. 2020 మార్చి 27న కోవిడ్ సాయం కోసం వచ్చిన కేర్స్ చట్టం కోవిడ్ వల్ల మానేసినవాళ్ళకు ఈ వాపసును రద్దు చేసింది. ఆ కాలానికి తీసుకున్న ఫెడరల్ డైరెక్ట్ లోన్‌ను (ప్రభుత్వం నేరుగా ఇచ్చే అప్పును) కూడా కొట్టేసింది. ఆ సెమిస్టర్‌ను పెల్ గ్రాంటు ఇంతకాలమే ఇస్తారన్న జీవితకాల పరిమితిలో లెక్కించకుండా చూసింది. అయితే మానేసింది కోవిడ్ వల్లేనని యూనివర్సిటీ రికార్డుల్లో ఉండాల్సి వచ్చింది. ఏమీ చెప్పకుండా జూమ్‌కి రావడం మానేసి అన్నిట్లో ఎఫ్ (ఫెయిల్) తెచ్చుకున్నవాళ్ళకు చిక్కంతా అక్కడే. హాజరు తప్పనిసరి కాని చోట అలాంటివారు సెమిస్టర్ మధ్యలోనే వెళ్ళిపోయినట్టు లెక్కించే వీలుంది. కాబట్టి మానేయక తప్పనప్పుడు విద్యార్థుల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌కు తేదీ, కారణం రాసిన మెయిల్ పెట్టాల్సింది.

అత్యవసర గ్రాంట్ల సంగతి మన పిల్లలకు బాగా దగ్గరిది. కేర్స్ చట్టం కింద ఉన్నత విద్యకు సుమారు 1,400 కోట్ల డాలర్లు వచ్చాయి. ఒక్కో యూనివర్సిటీ తన ప్రధాన వాటాలో సగమైనా తిండి, అద్దె, ల్యాప్‌టాప్, వైద్యం లాంటి ఖర్చులకు నేరుగా విద్యార్థులకే పంచాల్సి ఉండేది. మొదట్లో విద్యాశాఖ ఈ డబ్బును ఫెడరల్ ఎయిడ్‌కు అర్హత ఉన్నవారికే పరిమితం చేసింది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చినవారికి రాలేదు. 2021 మేలో వచ్చిన తుది నియమం ఆ తలుపు తెరిచింది. 2020 మార్చి 13న గానీ ఆ తరువాత గానీ నమోదై ఉంటే చాలు, అంతర్జాతీయ విద్యార్థులకూ ఇవ్వొచ్చని చెప్పింది. ఎక్కువ అవసరం ఉన్నవారికే ముందు ఇవ్వాలన్న షరతు ఉండేది, కాబట్టి దరఖాస్తులో అద్దె బాకీ, ఆగిన క్యాంపస్ ఉద్యోగం లాంటివి అంకెలతో చూపాల్సి వచ్చేది. మొదటిసారి "మీకు రాదు" అన్న జవాబు విని రెండోసారి అడగనివాళ్ళు తమకు రావాల్సిన డబ్బు వదులుకున్నట్టే. తరువాతి విడతల్లో ఈ గ్రాంటును పాత బాకీకి జమ చేయాలంటే విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సి ఉండేది. ఆ చిన్న పెట్టెలో టిక్ పెట్టేముందు చదవాల్సింది అదే.

వీసా వైపు మామూలు నియమం ప్రకారం ఎఫ్-1 విద్యార్థి పూర్తి లోడ్‌లో (వీసాకు కావలసిన కోర్సుల మొత్తంలో) ఒక్క ఆన్‌లైన్ కోర్సు లేదా మూడు క్రెడిట్లే లెక్కకొస్తాయి. 2020 మార్చిలో దీన్ని సడలించారు. జూలై 6న మాత్రం, పూర్తిగా ఆన్‌లైన్ అయితే దేశం విడిచి వెళ్ళాలని ప్రకటించారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. జూలై 14న ప్రభుత్వం ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది. ఆ ఎనిమిది రోజులు వేల ఇళ్ళలో నిద్ర లేదు. ఆ తరువాత కూడా, కొత్తగా వచ్చేవారికి పూర్తి ఆన్‌లైన్ కోర్సుల మీద ప్రవేశం దొరకలేదు. అందుకే రిజిస్ట్రేషన్‌లో కొంత క్లాసులో, కొంత ఆన్‌లైన్‌లో జరిగే హైబ్రిడ్ కోర్సు కనీసం ఒక్కటైనా ఉందో లేదో ఇంటర్నేషనల్ ఆఫీసుతో సరిచూసుకోవాల్సి వచ్చింది.

చివరిగా అప్పులు. విద్యాశాఖ చేతిలో ఉన్న ఫెడరల్ లోన్ల మీద 2020 మార్చి 13 నుంచి వడ్డీ సున్నా. అది మళ్ళీ మొదలైంది 2023 సెప్టెంబర్ 1న. బ్యాంకుల ప్రైవేట్ లోన్లకు ఇది వర్తించలేదు. కోవిడ్ కాలంలో "గ్యాప్" తీసుకుని సగం లోడ్, అంటే సాధారణంగా 6 క్రెడిట్లు, కంటే కిందికి దిగినవారికి ఇంకో గడియారం మొదలైంది. డైరెక్ట్ లోన్లకు చదువు ఆగాక కిస్తీలు మొదలయ్యేలోపు ఉండే ఆరు నెలల గడువు అప్పటినుంచే కరిగిపోతుంది. ఆరు నెలల్లోపు మళ్ళీ సగం లోడ్‌తోనైనా చేరితే ఆ గడువు పూర్తిగా తిరిగి దక్కుతుంది. ఏడో నెలలో చేరినవారికి చదువుతున్నంతకాలం కట్టడం వాయిదా పడుతుంది గానీ, చదువయ్యాక ఆ లోన్ల మీద మొదటి కిస్తీకి మళ్ళీ ఆరు నెలల వ్యవధి ఉండదు.