గ్డాన్‌స్క్ రేవులో ఏతం

శ్రోతలకు నమస్కారం.

నేను విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి. పోర్టులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఏ సముద్రం ఒడ్డుకు వెళ్లినా ముందు ఓ చుక్క నాలిక మీద వేసుకుని చూడటం చిన్నప్పటి నుంచీ అలవాటు. కిందటేడు జూన్‌లో బాల్టిక్ సముద్రం దగ్గరా అదే పని చేశాను. చప్పగా ఉంది. చారులో ఉప్పు వేయడం మరిచిపోయి, గుర్తొచ్చాక చిటికెడు కలిపితే ఎలా ఉంటుందో అలా! మామూలు సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. అక్కడ ఏడెనిమిది గ్రాములే. చుట్టుపక్కల దేశాల నదులన్నీ వచ్చి అందులో పడతాయి, బయటి సముద్రంతో కలిసే దారేమో డెన్మార్క్ దగ్గర సన్నటి సందు. ఇంకో వింత, ఆటుపోట్లు కంటికి ఆనవు. పోటు టైము చూసుకుని పెద్ద ఓడల్ని లోపలికి తెచ్చిన రోజులు నావి. అక్కడ పొద్దున జెట్టీ రాయి మీద చూసుకున్న తడి గుర్తు సాయంత్రానికీ అక్కడే ఉంది.

ఆ ఊరి పేరు గ్డాన్‌స్క్. పోలండ్‌లో ఉంది. జర్మన్ వాళ్ల నోట డాన్‌జిగ్. మా అమ్మాయి బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. "నాన్నా, నీకు కోటలూ బంగళాలూ ఎక్కవు గానీ, ఓ రేవు పట్నం చూపిస్తా రా" అంది. ప్రయాణం, బస, తిండి అన్నీ కలిపి ఇద్దరికీ 30 వేల రూపాయలు దాటకూడదని నేను షరతు పెట్టాను. అందుకని విమానం మానేసి రాత్రి బస్సెక్కాం. తెల్లారి దిగేసరికి నా మోకాళ్లు నా మాట వినలేదు. అది ఆ డబ్బుల్లో కలపని ఖర్చు.

ఊరి నడిబొడ్డు వీధులు చూస్తే నాలుగైదు వందల ఏళ్ల నాటివనిపిస్తాయి. సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఆనుకున్న మేడలు, వాటి మీద చెక్కుళ్లు. నిజానికి అందులో చాలా భాగం నాకంటే ఓ పదేళ్లు పెద్దవి, అంతే. 1945లో యుద్ధం ముగిసేసరికి ఆ పాతబస్తీ రాళ్లగుట్టయింది. పాత బొమ్మలూ ఫొటోలూ దగ్గర పెట్టుకుని మళ్లీ కట్టుకున్నారు. ఆ సంగతి తెలిశాక నాకు ఆ గోడల మీద గౌరవం పెరిగింది. మా అమ్మాయి మాత్రం "అయితే ఇది సెట్టింగా?" అని పెదవి విరిచింది.

మోత్వావా అనే నది ఒడ్డున నల్లటి కొయ్య నిర్మాణం ఒకటి నీళ్ల మీదికి వంగి ఉంటుంది. రెండు పక్కలా ఇటుక బురుజులు. దూరం నుంచి చూస్తే గుడిసె పైకప్పు ఒకటి ముందుకు తూలి నిలిచిపోయినట్టుంది. అది క్రేను. 1440ల నాటిది. దాని పేరు జురావ్. ఆ మాటకు పోలిష్ భాషలో అర్థం క్రౌంచ పక్షి. అదే మాటను వాళ్లు బావిలో నీళ్లు తోడే ఏతానికీ వాడతారట. ఈ ముక్క వినగానే నేను అక్కడే ఆగిపోయాను.

ఎందుకంటే మా తాతది విజయనగరం దగ్గర పల్లె. ఆయన ఏతం తొక్కేవాడు. దూలం మీద మనిషి ముందుకు నడిస్తే బాన బావిలోకి దిగుతుంది, వెనక్కి నడిస్తే నిండుగా పైకి వస్తుంది. ఈ జురావ్‌లోనూ అంతే, మనిషి బరువే ఇంజను. క్రేను కింద నిలబడి తలెత్తి చూస్తే లోపల ఇరుసులకు బిగించిన పెద్ద పెద్ద చెక్క చక్రాలు కనిపిస్తాయి. ఒక్కోటి రెండు నిలువుల పైనే, బోలుగా, లోపల మెట్లలాగా పలకలు కొట్టి. మనుషులు ఆ చక్రంలోకి దిగి నడిచేవారు. వాళ్లు నడుస్తుంటే చక్రం తిరుగుతుంది, ఇరుసుకు మోకు చుట్టుకుంటుంది, సరుకు లేస్తుంది. రెండు టన్నుల బరువును 27 మీటర్ల ఎత్తుకు లేపేవారట. ఓడలకు తెరచాప కొయ్యలు నిలబెట్టిందీ దీంతోనే. అంత దూరం నడిచీ వాళ్లు ఉన్నచోటే ఉంటారు. బ్రేకు సరిగ్గా పడక బరువు జారితే చక్రం వెనక్కి గిర్రున తిరుగుతుంది. లోపలున్న మనిషి గతేమిటో పోర్టులో పనిచేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఊరికి అంత సరుకు ఎక్కడిదంటారా? విస్తులా నది మీద పోలండ్ పల్లెల నుంచి రై ధాన్యం, గోధుమలు, కలప పడవల్లో దిగి వచ్చేవి. నదికి అవతలి గట్టున ఒక దీవి నిండా ధాన్యం గిడ్డంగులే ఉండేవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో తిన్న రొట్టెలో గ్డాన్‌స్క్ ధాన్యం ఉండేది. ఇప్పుడా గిడ్డంగుల చోట హోటళ్లు వెలిశాయి. అక్కడ కాఫీ ధర చూసి వెనక్కి తిరిగాం.

మరి తిండి? అక్కడ 'బార్ మ్లెచ్నీ' అని ఉంటాయి, పాల బార్లు. పేరులో బార్ ఉంది కదా అని కంగారు పడకండి. మందు చుక్క ఉండదు. పాలు, గుడ్లు, కూరగాయలతో చౌకగా అన్నం పెట్టే క్యాంటీన్లు. కమ్యూనిస్టు ప్రభుత్వం ఊరూరా పెట్టించింది. ఇప్పటికీ మాంసం లేని వంటకాలకు సర్కారు సబ్సిడీ ఇస్తుంది. నాలాంటి శాకాహారికి అంతకంటే ఏం కావాలి! క్యూలో నిలబడి, డబ్బు కట్టి, కిటికీలో పళ్లెం అందుకుని, తిన్నాక పళ్లెం మనమే మరో కిటికీలో పెట్టాలి. మొదటి రోజు నేను బల్ల మీదే వదిలేసి లేచాను. పక్క బల్ల దగ్గరున్న పెద్దావిడ మాటా పలుకూ లేకుండా నా మోచెయ్యి తట్టి కిటికీ వైపు వేలు చూపించింది. సిగ్గుపడుతూ తీసుకెళ్లి పెట్టాను. పిరోగీ అంటే మన కజ్జికాయే అనుకోండి. కాకపోతే నూనెలో వేయించరు, నీళ్లలో ఉడికిస్తారు. లోపల ఆలుగడ్డ, విరిగిన పాల ముద్ద, పైన వేయించిన ఉల్లిపాయ. ఖ్వోద్నిక్ అనే చల్లటి సూపు చూడగానే ఇల్లు గుర్తొచ్చింది. పుల్లటి మజ్జిగలో బీట్‌రూట్, కీరదోస, సోయికూర. తాలింపు ఒక్కటే తక్కువ. ఇద్దరం కడుపు నిండా తింటే 50 జ్లోటీల లోపే అయింది. జ్లోటీ అంటే మన 20 రూపాయల పైచిలుకు.

పెద్ద బజారులో ఓ పొడుగాటి థర్మామీటరు నిలబెట్టారు. ఫారన్‌హీట్ పుట్టింది ఆ ఊళ్లోనే, 1686లో. మన ఇళ్లలో పిల్లాడికి జ్వరం నూట రెండు అంటే కంగారు పడతామే, ఆ నూట రెండు ఆయన కొలతే. పాపం, ఆయనకు పదిహేనేళ్లప్పుడు తల్లీ తండ్రీ ఒకే రోజున పోయారు. విషపు పుట్టగొడుగులు తిని. ఇది విన్నాక మర్నాడు పాల బార్‌లో పుట్టగొడుగుల సూపు వద్దన్నాను. అమ్మాయి నవ్వింది గానీ తనూ తీసుకోలేదు.

రేవు ముఖం దగ్గర వెస్టర్‌ప్లాటే అనే చోటుంది, దాని గురించి ఒక్క మాట. 1939 ఆగస్టులో ష్లెస్‌విగ్ హోల్‌స్టీన్ అనే జర్మన్ యుద్ధనౌక మర్యాదపూర్వక సందర్శన పేరుతో ఆ రేవుకు వచ్చింది. సెప్టెంబర్ 1 తెల్లవారుజామున రేవు లోపలి నుంచే వెస్టర్‌ప్లాటేలోని పోలిష్ దళం మీద ఫిరంగులు పేల్చింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది అలా. సుమారు రెండు వందల మంది పోలిష్ సైనికులు ఏడు రోజులు ఎదురు నిలిచారు. అతిథిగా లంగరు వేసిన ఓడ అలా చేయడం నాకు మింగుడు పడలేదు.

ఇక షిప్‌యార్డు. గేటు ముందు 42 మీటర్ల ఎత్తున మూడు ఉక్కు శిలువలు, వాటికి లంగర్లు వేలాడుతూ. 1970 డిసెంబర్‌లో ధరల పెంపు మీద లేచిన కార్మికుల్ని కాల్చి చంపారు, వాళ్ల గుర్తు అది. పదేళ్లకు, 1980 ఆగస్టులో, అన్నా వలెంతినోవిచ్ అనే క్రేన్ ఆపరేటర్ని ఉద్యోగంలోంచి తీసేశారు. పింఛనుకు ఇంకా ఐదు నెలలే ఉంది. ఆమెను తిరిగి తీసుకోవాలని ఆగస్టు 14న షిప్‌యార్డులో పని ఆగింది. సమ్మెను ముందుండి నడిపించింది ఒక ఎలక్ట్రీషియన్. మన పత్రికలు లెక్ వాలెసా అని రాసేవి, అక్కడ వవెన్సా అంటారు. సాలిడారిటీ యూనియన్ పుట్టింది ఆ సమ్మెలోంచే. తర్వాత ఆయనకు నోబెల్ రావడం, దేశాధ్యక్షుడు కావడం మీకు తెలిసిందే. ఆమె పేరు మాత్రం నేను అక్కడికి వెళ్లాకే విన్నాను. క్రేన్లతో బతికిన నాకే తెలియలేదంటే చూడండి.

పక్కనే ఓడ పొట్టలా, తుప్పు రంగు ఉక్కుతో కట్టిన సాలిడారిటీ కేంద్రం ఉంది. మేడ మీదికి ఎక్కి షిప్‌యార్డు చూడటానికి టికెట్ లేదు. ప్రదర్శనకు ఉంది, కొన్నాం. సమ్మె డిమాండ్లు 21. ప్లైవుడ్ చెక్కల మీద చేత్తో రాసి గేటుకు వేలాడదీశారు. ఆ చెక్కలు ఇప్పుడక్కడ ఉన్నాయి. మొదటిది స్వేచ్ఛగా యూనియన్ పెట్టుకునే హక్కు. కిందికి వస్తున్నకొద్దీ ఇంటి సంగతులు. పనిచేసే తల్లుల పిల్లలకు క్రెష్‌లలో చోటు కావాలి. శనివారం సెలవు కావాలి. అమ్మాయి ఫోన్‌తో అనువాదం చేసి ఒక్కొక్కటీ చదివి వినిపించింది. శనివారం దగ్గరికి వచ్చేసరికి ఆగి, "నువ్వు శనివారాలు ఇంట్లో ఉన్నట్టు నాకు గుర్తే లేదు నాన్నా" అంది. ఓడకు శనివారమేమిటమ్మా అన్నాను.

చివరి సాయంత్రం మళ్లీ జురావ్ దగ్గరికే వెళ్లాం. జూన్ కదా, తొమ్మిదైనా వెలుతురు పోలేదు. చక్రాల కింద నిలబడి, "మీ తాతయ్య ఏతం తొక్కేటప్పుడు ఏం పాడేవాడు?" అని అమ్మాయి అడిగింది. పాటంటే పాట కాదు, బానల లెక్క. ఒకటికి ఒక మాట, రెండుకు ఒక మాట, అలా నూరు దాకా. నాకు పదకొండు వరకే గుర్తుంది. అక్కడి వరకూ పాడాను. ఆమె ఫోన్‌లో రికార్డు చేసుకుంది. బస్సుకు ఇంకా రెండు గంటలుంది. పన్నెండుకు ఏ మాటో గుర్తు చేసుకుంటూ నదీ తీరాన కూర్చున్నాను.

సెలవు.