ముందు పేరు సరిగా రాద్దాం

వేదిక మీది పెద్దలకు, రిజిస్ట్రార్ గారికి, డీన్ గారికి, పని పక్కన పెట్టి వచ్చిన అడ్మిషన్ సెక్షన్ వారికి, హాస్టల్ వార్డెన్లకు, మెస్ సూపర్‌వైజర్లకు నమస్కారం. ఇలాంటి సభలకు ప్రొఫెసర్లను పిలవడం మామూలే. కౌంటరు వెనక కూర్చునేవారిని కూడా పిలిచిన నిర్వాహకులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. వేరే దేశం నుంచి పీజీకో, పీహెచ్‌డీకో వచ్చిన పిల్లలు విశాఖలో దిగాక మొదట కలిసేది మిమ్మల్నే.

అంతర్జాతీయ పీజీ కోర్సుల్లో అందరినీ కలుపుకుపోవడం గురించి మాట్లాడమన్నారు. అడ్మిషన్, హాస్టల్, తరగతి అని మూడు భాగాలు అనుకుని వచ్చాను.

విదేశీ విద్యార్థులకు ఉన్న సీట్ల మీద అదనంగా 25 శాతం దాకా ఇవ్వొచ్చని 2022లో యూజీసీ చెప్పింది. సీట్లు పెంచడానికి ఒక ఉత్తర్వు చాలు. దరఖాస్తు ఫారం మాత్రం పాతదే. అందులో 'ఇంటిపేరు' గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకు కదలదు.

ఇథియోపియా వారికి ఇంటిపేరు ఉండదు. సొంత పేరు, పక్కన తండ్రి పేరు, ఆ పక్కన తాత పేరు, అంతే. దావిత్ తెస్ఫాయె అనే పేరు తీసుకోండి. 'మిస్టర్ తెస్ఫాయె' అంటే వాళ్ల నాన్నను పిలిచినట్టు. 'డాక్టర్ దావిత్' అనడమే అక్కడ మర్యాద. మనకు ఇది తిరగబడి ఉంటుంది. 'గురజాడ' అని ఇంటిపేరుతో అంటేనే మనకు గౌరవం. అఫ్గానిస్తాన్ నుంచి వచ్చేవారిలో చాలామందికి ఒకటే పేరు.

గడి ఖాళీగా వదలనివ్వదు కాబట్టి సెక్షన్లో ఒకరు చుక్క పెడతారు, ఇంకొకరు ఉన్న పేరే రెండోసారి కొడతారు. నజీబ్ అనే ఒక్క పేరే ఉన్న అఫ్గాన్ విద్యార్థి హాల్ టికెట్ మీద 'నజీబ్ నజీబ్' అని వస్తుంది. బ్యాంకు వాళ్లు పాస్‌పోర్టుతో పోల్చి, పేరు కలవలేదని ఖాతా ఆపుతారు. ఖాతా లేక స్కాలర్‌షిప్ ఆగుతుంది. చివరికి పట్టా మీద కూడా అదే తప్పు అచ్చవుతుంది, ఇంటికెళ్లాక ఉద్యోగంలో పనికిరాదు. ఈ బాధ మనకు కొత్త కాదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్న మన పిల్లలకు అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని, వేసి ఇస్తారు. డ్రైవింగ్ లైసెన్సు దగ్గర్నుంచి తిప్పలే. అక్కడ మనవాళ్లు పడ్డదే ఇక్కడ వేరేవాళ్లను పడనిద్దామా? చెప్పండి!

తేదీల సంగతీ ఇంతే. 2022 జనవరిలో పట్టా పుచ్చుకున్న ముగ్గురి కాగితాలు చూడండి. వాళ్ల దేశపు లెక్కలో ఇథియోపియా కాగితం మీద 2014, నేపాల్‌ది 2078, అఫ్గాన్‌ది 1400 ఉండొచ్చు. మూడూ సరైనవే. శాలివాహన శకం పంచాంగంలో చూసే మనం వాటిని 'అనుమానాస్పదం' అని పక్కన పెట్టకూడదు. క్యాలెండర్లు మార్చే పట్టిక ఒకటి గోడకు అంటించుకోండి, చాలు.

అడ్మిషన్ దగ్గరే సమయం అయిపోతోంది. మిగతావి గబగబా చెబుతాను.

180 రోజులకు మించిన వీసా ఉన్నవారు, దేశానికి వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయం దగ్గర ఆన్‌లైన్లో నమోదు కావాలి. నివాసం ఇచ్చినవారు 24 గంటల్లో ఆ కార్యాలయానికే వివరాలు పంపాలి. ఇది తెలియకే ఎంవీపీ కాలనీలో టు-లెట్ బోర్డు పెట్టినవారు కూడా 'పోలీసు గొడవ మాకెందుకు' అంటారు. ఇంటి ఓనరు పక్కన కూర్చుని ఆ వివరాలు నింపి పెట్టే మనిషి ఒకరు మన ఆఫీసులో ఉండాలి. ఒంటి రంగు చూసి ఇల్లు లేదనేవారూ ఉన్నారు. దానికి ఫారం మందు కాదు. అలాంటి ఇళ్లను మన జాబితాలోంచి తీసేయండి.

మెస్. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు మాంసం, గుడ్లే కాదు, పాలు, నెయ్యి కూడా ముట్టరు. పప్పు వాళ్లకు హాయిగా సరిపోతుంది, కానీ పోపు నెయ్యితో పెడితే ఆ పూట పస్తే. కాబట్టి నూనె పోపు పప్పు ఒక గిన్నె విడిగా తీయండి. రంజాన్ నెలలో తెల్లవారకముందే తినాలి. ముందు రాత్రే డబ్బా కట్టి ఇస్తే చాలు.

తరగతిలో మనకు తెలియకుండానే తెలుగులోకి జారిపోతాం. తెలుగు మానేయమని నేననను. పాడేరు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయికి ఆ తెలుగే ఆసరా. సందేహం తెలుగులో తీర్చాక, అదే మాట ఒక్క వాక్యంలో ఇంగ్లీషులో చెప్పండి. ప్రాజెక్టు జట్లు పిల్లలకు వదిలేస్తే విదేశీ విద్యార్థి మిగిలిపోతాడు. నలుగురైదుగురితో మీరే వేయండి, తెలుగు రానివారిని ఇద్దరిని ఒకే జట్టులో ఉంచండి. వారం వారం పనులు మార్చండి, లేకపోతే వాళ్లకు ఎప్పుడూ స్లైడ్లలో ఇంగ్లీషు దిద్దడమే మిగులుతుంది.

మళ్లీ ఆ ఫారం దగ్గరికే వస్తాను, క్షమించాలి. అడ్మిషన్ సెక్షన్ వారూ, సాయంత్రం వెళ్లేలోపు దాన్ని ఒక ప్రింటు తీయండి. ఇంటిపేరు తప్పనిసరి అనే గుర్తు కొట్టేయండి. 'పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు' అని ఒకే పొడవాటి గడి గీయండి. దాని కింద ఇంకొకటి: 'మిమ్మల్ని ఏమని పిలవాలి?' ఆ కాగితం రేపు కంప్యూటర్ సెంటర్‌కు పంపండి.