ఎఫరెంట్ నొక్కితే జీఎఫ్ఆర్ ఎందుకు పెరుగుతుంది? | నర్సింగ్ ఫస్ట్ ఇయర్ ఫిజియాలజీ

నమస్తే అండీ అందరికీ. వెనకాల మోటారు చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి, పక్కింటివాళ్ళు కొబ్బరి మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. ఆపమని అడిగాను. ఇంకో అరగంట అన్నారు. సరే, అలాగే కానిచ్చేద్దాం.

ఈవేళ కిడ్నీ. మొత్తం కిడ్నీ కాదండోయ్. మొత్తం చెప్తే మూడు గంటలు పడుతుంది, మీరు పది నిమిషాలకే వెళ్ళిపోతారు, నాకు తెలుసు. గ్లోమెరులస్ దగ్గర వడపోత ఎలా జరుగుతుంది, అదొక్కటే నిదానంగా. మిగతాదంతా గబగబా.

బొమ్మ చూడండి. కిడ్నీని నిలువుగా కోస్తే ఇలా ఉంటుంది. ఇది కార్టెక్స్, ఇది మెడుల్లా, ఇది పెల్విస్, ఇటు యూరేటర్. కుడిది కాస్త కిందికి ఉంటుంది, పైన లివర్ ఉంది కాబట్టి. పొడవు 11 సెంటీమీటర్లు, బరువు 150 గ్రాములు అటూ ఇటూ. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే వడకట్టే చిన్న చిన్న యూనిట్లు. ఇవన్నీ మీ అనాటమీ రికార్డులో గీసినవే, వెళ్ళిపోతున్నా.

ఒక్క లెక్క మాత్రం చెప్తాను. గుండె నిమిషానికి 5 లీటర్లు పంపు చేస్తుంది కదా, అందులో లీటరు పైగా కిడ్నీలకే పోతుంది. రెండూ కలిపి 300 గ్రాములు, వాటికి ఐదో వంతు రక్తం! వాటి తిండి కోసం కాదండి, వడకట్టడానికి. నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడకడతాయి. అదే జీఎఫ్ఆర్, గ్లోమెరులర్ ఫిల్ట్రేషన్ రేట్. రోజుకి 180 లీటర్లు. మనింటికి వాటర్ టిన్ను వస్తుంది చూడండి, 20 లీటర్లది, అలాంటివి తొమ్మిది. బయటికి వచ్చే మూత్రం ఎంత? లీటరు, లీటరున్నర. మిగిలిందంతా ట్యూబ్యూల్, అంటే వడకట్టిన నీరు పారే సన్న గొట్టం, వెనక్కి లాగేసుకుంటుంది.

ఇప్పుడు ఇక్కడ జూమ్ చేస్తున్నా. కనిపిస్తోందా? ఈ ఉండలాంటిది గ్లోమెరులస్. సన్న సన్న క్యాపిల్లరీల చుట్ట. దాని చుట్టూ గిన్నెలా ఉన్నది బౌమన్స్ క్యాప్సూల్. లోపలికి వచ్చే గొట్టం అఫరెంట్ ఆర్టీరియోల్, బయటికి పోయే గొట్టం ఎఫరెంట్ ఆర్టీరియోల్. ఈ రెండు పేర్లూ తారుమారు కాకుండా ఉండాలంటే మన వర్ణమాల చాలు. అ ముందు, ఎ తర్వాత. అఫరెంట్ ముందు, ఎఫరెంట్ తర్వాత. అంతే.

ఇంకోటి. చాలామంది రికార్డులో ఎఫరెంట్‌కి నీలం రంగు వేస్తారు. బయటికి పోతోంది కదా, సిర అనుకుని. తప్పండి. అదీ ఆర్టీరియోలే, అంటే చిన్న ధమనే, అందులో ఇంకా ఆక్సిజన్ ఉన్న రక్తమే. రెండింటికీ ఎరుపే వెయ్యండి. నేనైతే ఈ ట్యాబ్ కంటే మామూలు పలక మీద గీసుకోవడమే ఇష్టపడతాను, చెరిపి చెరిపి పదిసార్లు గీస్తే చేతికి వచ్చేస్తుంది. ఇవాళ మీ కోసమే ఈ స్టైలస్ పట్టుకున్నా, అది కూడా అప్పు తెచ్చింది.

సరే. ఇక్కడ ఆగుతాను. ఎందుకంటే నేను పడింది ఇక్కడే.

నా ఫస్ట్ ఇయర్ వైవాలో మేడమ్ అడిగారు, "అఫరెంట్ కుంచించుకుంటే జీఎఫ్ఆర్ ఏమవుతుంది?" తగ్గుతుంది మేడమ్ అన్నాను. "గుడ్. మరి ఎఫరెంట్ కుంచించుకుంటే?" అదీ తగ్గుతుంది మేడమ్ అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా. గొట్టం ఇరుకైతే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే వడపోత తగ్గుతుంది, నా లెక్క అది. మేడమ్ ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. అప్పుడే అర్థమైంది, అయిపోయిందని.

ఇంటికెళ్ళి అన్నం దగ్గర ఇదే చెప్పుకుని ఏడుస్తుంటే మా నాన్నగారు ఒక్క మాట అడిగారు. "బోదెకి కింద గట్టేస్తే మన చేలోకి నీళ్ళు ఎక్కుతాయా, తగ్గుతాయా?"

మన డెల్టాలో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ళు కూడా చూస్తారు కాబట్టి చెప్తున్నా. కాలువ నుంచి చేల మధ్యకి వచ్చే చిన్న పాయ బోదె. అందులో నీళ్ళు సన్నగా పారుతుంటే మన చేను మెరకగా ఉందనుకోండి, ఎక్కవు. అప్పుడేం చేస్తాం? మన చేను దాటాక బోదెలో నాలుగు పారల మట్టి వేస్తాం. నీళ్ళు ఆగి, మట్టం లేచి, గట్టుకి కోసిన గండిలోంచి మన చేలోకి తిరుగుతాయి. కింద రైతు కేకలేసుకుంటూ వస్తాడు, అది వేరే సంగతి. కాదు, వేరే కాదు, ఆ కింద రైతు దగ్గరికి మళ్ళీ వద్దాం.

ధవళేశ్వరంలో కాటన్ దొర చేసిందీ ఇదే కదండీ. 1852కి ఆనకట్ట పూర్తయింది. అది నీళ్ళు దాచుకునే డ్యామ్ కాదు. నదికి అడ్డంగా కట్టి మట్టం లేపితే నీళ్ళు వాటంతటవే కాలువల్లోకి ఎక్కాయి. నది గ్లోమెరులస్ అనుకోండి. కాలువల్లోకి పోయే నీరు ఫిల్ట్రేట్, అంటే వడకట్టగా వచ్చిన నీరు. ఆనకట్ట ఎక్కడ ఉంది? కాలువల తలుపులు దాటాక, కింద. అదే ఎఫరెంట్.

నమ్మకం కుదరకపోతే ఇది చూడండి. కెమెరా కిందికి దించుతున్నా... ఆఁ. ఇది డ్రిప్ సెట్, డేటు అయిపోయింది, ఎవరికీ వాడనిది. పైన సెలైన్ బాటిల్ కట్టాను, కింద కొసని బకెట్లో వదిలేశాను. ట్యూబ్ మధ్యలో సూదితో మూడు కన్నాలు పొడిచాను. రోలర్ మొత్తం తెరిచా. చూడండి, కన్నాల దగ్గర నీళ్ళు చెమటలా పడుతున్నాయి, అంతే. ఎక్కువ భాగం బకెట్లోకి పోతోంది.

ఇప్పుడు కన్నాలకి పైన నొక్కుతున్నా. ఇది అఫరెంట్. ఆగిపోయింది చూశారా, చుక్క లేదు. వదిలేశా. ఇప్పుడు కన్నాలకి కింద, బకెట్ వైపు నొక్కుతున్నా. ఇది ఎఫరెంట్. చూడండి చూడండి, మూడు కన్నాల్లోంచీ సన్నగా చిమ్ముతోంది! నా చీర మీద పడింది. మళ్ళీ చూపిస్తా. పైన నొక్కితే లేదు. కింద నొక్కితే చిమ్ముతోంది. పైన... లేదు. కింద... అదిగో.

నా వైవా జవాబు ఎక్కడ తప్పిందంటే, నేను రక్తం ఎంత పారుతోంది అని చూశాను. వడపోతని నడిపేది ముఖ్యంగా ప్రెషర్. ఎఫరెంట్ ఇరుకైతే గ్లోమెరులస్ గుండా పారే రక్తం తగ్గుతుంది, ఆ మాట నిజమే. కానీ లోపల ప్రెషర్ పెరుగుతుంది. పారుదల తగ్గింది, వడపోత పెరిగింది. రెండూ ఒకేసారి. అది మింగుడుపడటానికి నాకు ఒక రాత్రి పట్టింది.

ఇంటికెళ్ళి మీరూ చేసి చూడండి. చేశాక సూదిని మాత్రం చెత్తబుట్టలో వెయ్యకండి, తెల్ల షార్ప్స్ డబ్బాలోనే.

ప్రెషర్ లెక్క ఇది, స్క్రీన్ మీద ఉంది. అన్నీ mmHgలో. క్యాపిల్లరీ లోపలి నుంచి తోసేది 60. ఎదురు తోసేవి రెండు: క్యాప్సూల్‌లో ఉన్న నీటి ప్రెషర్ 18, రక్తంలో ప్రొటీన్లు వెనక్కి లాగేది 32. అరవైలోంచి ఆ రెండూ తీసేస్తే 10. ఆ పదే మొత్తం పని చేస్తోంది. మీ పుస్తకంలో 55, 15, 30 అని ఉండొచ్చు, కంగారు పడకండి, దానికీ పదే వస్తుంది. పరీక్షలో ఏదో ఒక సెట్టే రాయండి, సగం ఇదీ సగం అదీ కలపకండి.

ఒక చిన్న మెలిక. బోదె పోలిక కొంతవరకే. ఎఫరెంట్ మరీ బిగుసుకుపోతే రక్తం లోపలే నిలిచి, నీరంతా పోయి, ప్రొటీన్లు చిక్కబడతాయి. ఆ వెనక్కి లాగే 32 పెరిగిపోతుంది. అప్పుడు జీఎఫ్ఆర్ మళ్ళీ పడిపోతుంది. కొంచెం నొక్కితే పెరుగుతుంది, మరీ నొక్కితే తగ్గుతుంది.

కింద రైతు దగ్గరికి వద్దామన్నాను కదా. ఎఫరెంట్ దాటాక రక్తం ఎక్కడికి పోతుంది? ట్యూబ్యూల్ చుట్టూ అల్లుకున్న పెరిట్యూబ్యులర్ క్యాపిల్లరీల్లోకి. ట్యూబ్యూల్‌కి తిండి అక్కడి నుంచే. పైన గట్టు వేసి చాలాసేపు ఉంచితే కింద రైతు చేను ఎండుతుంది. షాక్‌లో బీపీ ఎక్కువసేపు పడిపోయి ఉంటే ట్యూబ్యూల్ దెబ్బతినేది అందుకే.

ఇప్పుడు ఆ గట్టు వేసేది ఎవరు? యాంజియోటెన్సిన్ టూ. బీపీ తగ్గితే కిడ్నీ రెనిన్ వదులుతుంది, రెనిన్, యాంజియోటెన్సిన్ వన్, ఊపిరితిత్తుల్లో ఏసీఈ అనే ఎంజైమ్, దాంతో యాంజియోటెన్సిన్ టూ... ఫ్లోచార్ట్ పెట్టా, పాజ్ చేసి రాసుకోండి. ఈ యాంజియోటెన్సిన్ టూ ఎఫరెంట్‌ని ఎక్కువగా పట్టి బిగిస్తుంది. వచ్చే నీళ్ళు తక్కువైనా మట్టం నిలబెట్టడానికి.

ఇది అర్థమైతే వార్డులో మందుల చార్టు వేరేలా కనిపిస్తుంది. మే నెల అనుకోండి. ఒక పెద్దాయన, బీపీకి రోజూ ఎనలాప్రిల్ వేసుకుంటారు, మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్. రెండు రోజులుగా విరేచనాలు. బీపీ 80 బై 50. ఏం జరుగుతోంది లోపల? నీళ్ళే తక్కువ వస్తున్నాయి. డైక్లోఫెనాక్ ప్రోస్టాగ్లాండిన్లని ఆపేస్తుంది, అఫరెంట్‌ని తెరిచి ఉంచేవి అవే, కాబట్టి పైన ఇరుకు. ఎనలాప్రిల్ యాంజియోటెన్సిన్ టూ తయారు కానివ్వదు, కాబట్టి కింద గట్టు లేదు. పైన మూసి, కింద తవ్వేశాం. చేలోకి నీళ్ళెలా ఎక్కుతాయండీ? మూత్రం తగ్గుతుంది, కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో పెరుగుతుంది. మందు ఆపాలా వద్దా అన్నది మన చేతిలో లేదు. కానీ ట్రే పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళే ముందు బీపీ, మూత్రం లెక్క చూసి డాక్టర్‌గారికి చెప్పడం మన చేతిలోనే ఉంది.

ఇక ప్రెషర్ లెక్కలో మిగిలిన అంకె, ఆ 18. క్యాప్సూల్ వైపు నుంచి ఎదురు తోసేది. సముద్రం పక్క ఊళ్ళ వాళ్ళకి ఇది తెలుసు. పోటు సమయంలో మురుగు కాలువ ఎగదన్నుతుంది, చేలో నీళ్ళు దిగవు. ప్రోస్టేట్ అడ్డమైతే, యూరేటర్లు రెండింట్లో రాళ్ళు అడ్డం పడితే అంతే. కింద అడ్డు, వెనక్కి ప్రెషర్, వడపోత తగ్గుదల.

దీని మీద నా పరువు కూడా పోయింది. కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు, రాత్రి 2 గంటలకి ఒకాయనకి మూత్రం రావట్లేదని డాక్టర్‌ని నిద్ర లేపాను. ఆయన వచ్చి, దుప్పటి తీసి, తొడ కింద మడతపడిన క్యాథెటర్ ట్యూబ్ సరిచేశారు. గలగలా వచ్చింది. ఆయనా ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నా రాత ఏమో!

మిగతా ట్యూబ్యూల్ ఒక్క నిమిషంలో. పీసీటీలో, అంటే ట్యూబ్యూల్ మొదటి మెలికల భాగంలో, సోడియం, నీరు 65 శాతం వెనక్కి. గ్లూకోజ్ మొత్తం వెనక్కి, రక్తంలో షుగర్ 180 mg/dL దాటేదాకా. లూప్ ఆఫ్ హెన్లీ దిగేటప్పుడు నీరు పోతుంది, ఎక్కేటప్పుడు ఉప్పు పోతుంది, మూత్రం ఎక్కువ చేసే మందు లాసిక్స్ పనిచేసేది ఆ మందంగా ఉన్న ఎక్కుడు భాగంలో. ఆ తర్వాతి మెలికల భాగం డీసీటీలో పనిచేసేవి థయజైడ్లు, అవీ మూత్రం ఎక్కువ చేసే మందులే. చివరి కలెక్టింగ్ డక్ట్‌లో ఏడీహెచ్ అనే హార్మోన్ నీళ్ళని ఆపుతుంది, ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ సోడియంని ఆపి పొటాషియంని పంపేస్తుంది.

పొటాషియం అన్నాను కాబట్టి ఇది చెప్పకపోతే కోనసీమ మనిషిని కాదు. కిడ్నీ ఫెయిల్యూర్ పేషెంట్‌ని చూడటానికి వచ్చేవాళ్ళు చేతిలో కొబ్బరి బొండాలతో వస్తారు. ప్రేమగా తెస్తారండి, కాదనలేం. కానీ బొండం నీళ్ళలో పొటాషియం బాగా ఎక్కువ, ఆ కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె లయ తప్పుతుంది. "డాక్టర్‌గారు వద్దన్నారండి" అని నవ్వుతూ చెప్పి, ఆ బొండాలు చూడటానికి వచ్చినవాళ్ళనే తాగమనండి.

మోటారు ఆగింది, విన్నారా? ఇప్పుడు ఆపారు.

ఒక లెక్క ఇచ్చి వెళ్ళిపోతా. పెద్దవాళ్ళకి గంటకి కిలోకి అర మిల్లీలీటరు మూత్రం రావాలి. మీ పేషెంట్ 60 కిలోలు. ఆరు గంటల్లో బ్యాగులో 120 వచ్చింది. బ్యాగు మీద గీతలు నమ్మకుండా కొలత జగ్గులో పోసి చూశారు, 120 నిజమే. గంటకి ఎంత వచ్చింది, ఎంత రావాలి, డాక్టర్‌కి ఫోన్ చేసే ముందు మొట్టమొదట దేన్ని చూస్తారు? కామెంట్లో రాయండి. దుప్పటి అని రాసినవాళ్ళకి సగం మార్కులు ఇప్పుడే ఇచ్చేస్తున్నా.