గేటు దగ్గర అడిగే ఆ ఒక్క ప్రశ్న

(శ్రీకాకుళం జిల్లాలో ఒక జాబ్ మేళా ప్రారంభ సభలో విశ్రాంత ఐటీఐ శిక్షకుడి ప్రసంగం)

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పమని కాగితం ఇచ్చారు గానీ, అది చదివితే నాకిచ్చిన టైమంతా దానికే చాలదు. పెద్దలు మన్నించాలి. వెనకాల నిలబడ్డ బాబులూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. వీఐపీలవే, కానీ వాళ్ళు రాలేదు.

‘యువత - నైపుణ్యాలు’ మీద మాట్లాడమన్నారు. మీకు నైపుణ్యం లేదని చెప్పేవాళ్ళకు కొదవ లేదు, నేనొక్కణ్ణి చెప్పకపోతే నష్టం లేదు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు నేర్పి రిటైరయినవాణ్ణి. నాకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది.

నా దగ్గర చదివిన ఒక కుర్రాడు. వాళ్ళ ఊరి పక్కనే ఫ్యాక్టరీ వచ్చింది. ఏ ఫ్యాక్టరీ అని అడక్కండి, చెప్పను. వాళ్ళ నాన్న పొలం కూడా అందులోకే పోయింది. ఫిట్టర్ పాసై సర్టిఫికెట్ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. ‘అనుభవం ఉందా?’ అన్నారు. నిన్నగాక మొన్న పాసైనవాడికి అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుందండీ! లేదన్నాడు. అయితే కాంట్రాక్టర్ని కలవమన్నారు. కాంట్రాక్టరు లోడింగ్ పని ఇచ్చాడు. ఏళ్ళ తరబడి ఆ గేటులోంచే లోపలికి వెళ్ళాడు, బస్తాలు మోశాడు. ఒక్కరోజు స్పానరు ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత ఫిట్టర్ పోస్టు పడింది. పరిగెత్తుకుని వెళ్ళాడు. ఏమడిగారో మీరే చెప్పండి. అదే. ‘ఫిట్టరుగా అనుభవం ఉందా?’

2019లో మన రాష్ట్రం చట్టం చేసింది, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని. అందరం చప్పట్లు కొట్టాం. అర్హులు దొరక్కపోతే, ప్రభుత్వంతో కలిసి మూడేళ్ళలో శిక్షణ ఇచ్చి మరీ తీసుకోవాలని అందులోనే ఉంది. నాకు 75 కన్నా ఆ మాట నచ్చింది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, 75 గురించే కొట్టుకున్నారు. హైకోర్టులో కేసు పడింది. హర్యానా ఇలాంటి చట్టమే చేస్తే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక 2024 జులైలో బిల్లు దాకా వచ్చి, కంపెనీలు గగ్గోలు పెట్టేసరికి పక్కన పెట్టేసింది.

అంతకుముందు చట్టాలు లేవా? 1959 చట్టం ప్రకారం 25 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థ తన ఖాళీలను ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీకి తెలపాల్సి ఉండేది. తెలిపితే చాలు, అక్కడి పేర్లలోంచి తీసుకోవాలని ఉండేది కాదు. మా తరం ఆ ఆఫీసు ముందు క్యూలో నిలబడీ నిలబడీ జుట్టు నెరిసింది.

నిర్వాహకులు చీటీ పంపారు. రెండు నిమిషాలట. సరే.

మన జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. చేప ఉంది, వేట తెలిసిన చేతులున్నాయి. పెద్ద బోటు కట్టుకునే హార్బరు లేక మనవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ పోతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాన్‌కి చిక్కారు. 2020 జనవరిలో గానీ వాఘా సరిహద్దు దాటి రాలేదు. పని ఇక్కడే ఉంది, దాన్ని అందుకునే దారే లేదు. నా ఫిట్టర్ కుర్రాడిదీ అదే కథ కాదా?

ఆ దారి అప్రెంటిస్‌షిప్, అంటే కంపెనీలోనే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవడం. 1961 నుంచీ చట్టం ఉంది. 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థ వాళ్ళ సంఖ్యలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకుని తీరాలి. స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1,500 రూపాయల వరకు, కేంద్రం భరించే పథకం కూడా వచ్చింది. ఇందులో ‘స్థానికులు’ అన్న మాటే లేదు. అక్కర్లేదు కూడా. ఆ కొద్దిపాటి స్టైపెండ్‌కి పరాయి రాష్ట్రం నుంచి వచ్చి అద్దె కట్టుకుని ఎవరుంటారు? ఇంట్లో తిని సైకిలెక్కి వచ్చే మనవాళ్ళే ఉంటారు. పైగా ఏడాది తిరిగేసరికి గేటు దగ్గర ఆ ప్రశ్నకి చేతిలో కాగితం ఉంటుంది.

అధికారులకి నా మనవి ఒకటే. ఈ మేళాలో ఎంతమందికి ఆఫర్ లెటర్లు ఇచ్చారో సాయంత్రం పేపరు వాళ్ళకి చెబుతారు కదా. దాంతోపాటు ఏ కంపెనీ ఎంతమంది అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి, ఎంతమందిని పెట్టుకుంది, ఆ రెండు అంకెలూ చెప్పండి. కలెక్టరేట్ బోర్డు మీద అతికించండి.

టేబుళ్ళ దగ్గర కూర్చున్న హెచ్.ఆర్. మిత్రులారా, కోపం తెచ్చుకోకండి. మా పిల్లలు మీ దగ్గరికే వస్తున్నారు. బాబులూ, అమ్మాయిలూ, బయోడేటా అందించే ముందు ‘సార్, మీ దగ్గర అప్రెంటిస్ సీట్లెన్ని?’ అని అడగండి. తెలియదంటే, ఆ కంపెనీ పేరు రాసుకుని నాకివ్వండి. గేటు పక్కన వేపచెట్టు కింద సాయంత్రం దాకా ఉంటాను.