ఎపిసోడ్ 47: మళ్ళీ వస్తుందా?

వాసు: నమస్కారం. సరళక్క ఈసారి కూడా నాకు ఎడమపక్కనే కూర్చుంది. పాతవాళ్ళకి ఎందుకో తెలుసు.

సరళ: జగ్గయ్యపేట బస్సు సీటు. నా దెబ్బతిన్న ఎడమ చెవి అవతలికి, మంచి చెవి నీ వైపు.

వాసు: అదే! ఈ వారం చాలామంది అడిగిన ప్రశ్న. ఉన్నట్టుండి చెవి వినపడకుండా పోతే, మళ్ళీ వస్తుందా?

సరళ: ఏది? రోగమా, వినికిడా?

వాసు: రెండూ అనుకో. 2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్ తనకి ఇలాగే అయిందని చెప్పారు కదా, విమానం దిగగానే ఏమీ వినపడలేదని. అప్పటినుంచి జనానికి భయం పట్టుకుంది. నీకెలా మొదలైంది?

సరళ: పొద్దున లేచేసరికి ఎడమ చెవిలో దూది కూరినట్టుంది. లోపల ఒకటే గుయ్యిమని మోత. గుబిలి అడ్డుపడింది అనుకున్నా. అత్తయ్య వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు.

వాసు: తప్పేముంది? మా నాయనమ్మ మా అందరికీ పోసేది. ఎవరికీ చెవుడు రాలేదు.

సరళ: మీకెవరికీ ఈ జబ్బు రాలేదు కాబట్టి! ఇది నరం సంగతిరా. మూడు రోజుల్లోపు, వరుసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో, అంటే శబ్దం స్థాయిల్లో, వినికిడి 30 డెసిబెల్స్ అయినా పడిపోతే దాన్ని సడన్ సెన్సోరిన్యూరల్ హియరింగ్ లాస్ అంటారు, ఉన్నట్టుండి వచ్చే నరాల చెవుడన్నమాట. నూనె కర్ణభేరి దాటి పోదు.

వాసు: మరి గుబిలో నరమో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

సరళ: నోరు మూసుకుని మ్‌మ్‌మ్ అను. గుబిలి అయితే ఆ మూసుకున్న చెవిలోనే గట్టిగా వినపడుతుంది. నరం అయితే మంచి చెవిలో.

వాసు: మ్‌మ్‌మ్. నాకు రెండు పక్కలా వస్తోంది.

సరళ: నీ చెవులకేం, రాళ్ళు. ఇదంతా అనుమానానికే, తేల్చేది ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష.

వాసు: అయినా నూనె వల్ల చెడిందని ఎలా అంటావక్కా?

సరళ: నూనె వల్ల కాదు, రోజుల వల్ల! నాలుగు రోజులు నూనె, తర్వాత ఒక డాక్టరు జలుబు మాత్రలతో ఇంకో నాలుగు. తొమ్మిదో రోజుకి ఈఎన్‌టీ దగ్గరికి చేరాను. స్టెరాయిడ్ మొదటి రెండు వారాల్లోపే, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదంటారు. నువ్వేమో నాయనమ్మ అంటావు.

వాసు: నాయనమ్మని అనకు.

సరళ: అనట్లేదురా. మా అత్తయ్యని కూడా అనను. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

వాసు: ...

సరళ: మాట్లాడు. రికార్డింగ్ నడుస్తోంది.

వాసు: సరే. అందుకే ఆర్టీసీ బస్సులో...

సరళ: వచ్చేసింది బస్సు.

వాసు: కాదక్కా, నిజంగా! పోయిన చెవి కిటికీ వైపు పెట్టుకుంటే పక్క సీటు మాట వినపడుతుంది. ఇంజన్ మోత కూడా ఆ చెవికి తెలీదు. డ్రైవర్ వెనక సీట్లో ఎడమ చెవి పోయినవాళ్ళయితే...

సరళ: జవాబు చెప్పి వెళ్ళనీ. వినికిడి సంగతి: చాలామందికి కొంతో పూర్తిగానో తిరిగి వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. మూడు నెలలు దాటాక ఆశ తక్కువ. మొదట్లోనే కళ్ళు తిరిగినవాళ్ళకీ, పూర్తిగా పోయినవాళ్ళకీ, వయసు మీదపడినవాళ్ళకీ కష్టం. స్టెరాయిడ్ మాత్రలు పని చెయ్యకపోతే కర్ణభేరి గుండా ఇంజెక్షన్ ఇస్తారు. నాకూ ఇచ్చారు. సగం వచ్చింది.

వాసు: రోగం మళ్ళీ రావడం?

సరళ: ఎక్కువమందికి రాదు. మంద్రస్వరాలు, అంటే బొంగురు శబ్దాలు మాత్రమే పోయినవాళ్ళకి మళ్ళీ మళ్ళీ రావచ్చు, కొందరికి అది మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బుగా తేలుతుంది. అందుకే ఆరు నెలలకి ఇంకో ఆడియోగ్రామ్. నరం మీద గడ్డ ఉందేమోనని ఎమ్మారై కూడా తీస్తారు. నాకేం లేదు. కానీ విమానం ఎక్కినప్పుడల్లా, తలస్నానం చేసినప్పుడల్లా ఆ రెండో చెవిని తడుముకుంటా.

వాసు: బస్సులో ఆ భయం ఉండదు.

సరళ: నిన్ను... ఆగు, ఏదో మోగుతోంది. ఎటు? నాకు దిక్కు తెలీదు కదా.

వాసు: నీ ఒళ్ళోనే, బ్యాగులో.

సరళ: అత్తయ్య. ఉండు, ఎత్తుతా. ఆఁ అత్తయ్యా... వినపడుతోంది, చెప్పండి... లేదు లేదు, మీ గురించి కాదు... వాసూ, ఆపు అది.