వానల్లో కారుతుంది, వేసవిలో గుర్తుండదు: అద్దింటి మీద చర్చ

యాంకర్: నమస్కారం. ఇల్లు కారుతోంది, ఓనరు పట్టించుకోవడం లేదు, ఖాళీ చేద్దామంటే అడ్వాన్స్ ఇరుక్కుంది. ఇదీ ఇవాళ్టి గొడవ. అమలాపురంలో అద్దెకుంటున్న టీచరు గారు, భీమవరంలో రెండు పోర్షన్లు అద్దెకిచ్చిన యజమాని గారు, ఒక మేస్త్రి గారు, ఒక లాయరు గారు వచ్చారు. పేర్లు వద్దన్నారు, సరేనన్నాం. ఊళ్లో మళ్లీ ఇల్లు దొరకాలి కదా!

టీచరు: మాది పై పోర్షనండి. ముసురు పట్టిందంటే హాల్లో ఫ్యాను కొక్కెం దగ్గర నుంచి చుక్కచుక్కగా నీళ్లు దిగుతాయి. మొదట్లో గిన్నె పెట్టేవాళ్లం, తర్వాత బకెట్, ఇప్పుడు బట్టలు నానబెట్టే టబ్బు. ఓ రాత్రి పెచ్చు ఊడి మంచం మీద పడింది, పాప ఆ రోజు వాళ్ల అమ్మమ్మ దగ్గర పడుకుంది కాబట్టి సరిపోయింది. ఓనరు గారేమో 'వానల్లో స్లాబు పని ఎవరు పట్టుకుంటారమ్మా, వేసవిలో చూద్దాం' అంటారు. తీరా వేసవిలో అడిగితే 'ఇప్పుడెక్కడ కారుతోంది?' అంటారు. మూడేళ్ల నుంచీ ఇదే.

మేస్త్రి: వానల్లో పట్టుకోలేమన్నది నిజమేనండీ. కానీ పెచ్చు ఊడిందంటే లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బిందన్నమాట, అదే సిమెంటుని కిందికి తోసేస్తది. మన సముద్రం గాలికి, ఉప్పు ఇసుకకి ఇంకా తొందరగా. తుప్పంతా గీకకుండా పుట్టీ రాసి రంగేస్తే రెండు నెలలు అందంగా ఉంటది, అంతే.

యజమాని: మా వైపూ వినండి. ఒకాయన ట్యాంకు పొంగిపోతున్నా మోటారు ఆపడు, తర్వాత గోడ చెమ్మ అని నా మీదకొస్తాడు. వచ్చే అద్దెకి స్లాబు పని చేయించాలంటే ఏడాది అద్దె అందులోకే పోతుంది.

యాంకర్: ఆ మాటా కాదనలేం. లాయరు గారూ, విసిగిపోయి అద్దె ఆపేస్తే?

లాయరు: అదొక్కటీ చేయకండి. రిపేరు చేయించనిది ఆయనే అయినా, అద్దె బాకీ పడితే కేసు మీ మీదకి తిరుగుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. యజమాని చేయించాల్సిన రిపేరు గురించి నోటీసిచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారే చేయించుకుని ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. మెలికంతా 'చేయించాల్సిన' అన్న మాటలోనే ఉంది. ఆ బాధ్యత ఎవరిదో అగ్రిమెంటులో రాసుకోకపోతే అక్కడే వాదన మొదలవుతుంది. మనవాళ్లు స్టాంపు పేపరు మీద పదకొండు నెలలని రాయించుకుంటారు, అద్దె తప్ప ఇంకేమీ చదవరు.

టీచరు: మా అగ్రిమెంటు రెండేళ్ల కిందటే అయిపోయిందండి. మళ్లీ రాయలేదు.

లాయరు: అద్దె తీసుకుంటూ ఉండనిచ్చారు కాబట్టి మామూలుగా నెలవారీ అద్దె కిందే లెక్క. అదే చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఖాళీ చేయడానికి 15 రోజుల నోటీసు చాలు, అది వాళ్లకి అందిన రోజు నుంచి లెక్క. అగ్రిమెంటు నడుస్తున్నవాళ్లు మాత్రం అందులో ఉన్న గడువు చూసుకోవాలి. తుఫానుకో వరదకో ఇల్లు ఇక పనికిరాకుండా పోతే అద్దెదారు లీజు రద్దనుకోవచ్చు, అది వేరే సంగతి. స్లాబు కారడాన్ని దాంతో కలపొద్దు.

యాంకర్: 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఉందంటారు?

లాయరు: నివాసానికైతే అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదని అందులో ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే వర్తిస్తుంది. దాన్ని చూపించి ఓనరుతో తగాదా పెట్టుకోకండి.

టీచరు: నోటీసంటే మొహమాటమండి. రోజూ మెట్ల దగ్గర ఎదురుపడతాం.

యజమాని: నిజం చెప్పాలంటే నాకు కాగితమే నయం. ఫోన్లో చెబితే ఆ పూట 'ఊఁ' అంటాం, మర్నాటికి మర్చిపోతాం.

లాయరు: లాయరు నోటీసే అక్కర్లేదండి, తేదీ వేసి సంతకం పెట్టిన ఉత్తరం చాలు. ఎప్పటి నుంచి కారుతోంది, ఎన్నిసార్లు చెప్పారు, ఏ తేదీకి ఖాళీ చేస్తారు, అడ్వాన్స్ ఎంత రావాలి, ఇవి రాసి స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. వాట్సాప్‌లో పంపినా ఇది మాత్రం మానొద్దు. తాళాలిచ్చే రోజు గదులన్నీ వీడియో తీసి, కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసుకుని, తాళాలు ముట్టినట్టు ఆయన చేత రాయించుకోండి. తీరా అడ్వాన్స్ దగ్గర 'గోడలు పాడుచేశారు' అంటారు, అప్పుడు అవే ఆధారం.

మేస్త్రి: మేకులు కొట్టిన బొక్కలు మాత్రం పూడ్చి వెళ్లండమ్మా, గుప్పెడు సిమెంటు చాలు.

టీచరు: ఇవాళ రాత్రికే రాస్తానండి. టబ్బు ఫొటో కూడా జత చేయనా?

లాయరు: చేయండి. పైన ఫ్యాను కొక్కెం కూడా కనపడేలా తీయండి.